చలికి దిక్కు మార్చుకునే సూదంటురాయి

ఒరే బుజ్జీ, సూదంటురాయి అంటే మాగ్నటైట్ అనే ఖనిజం. ఇనుమూ ఆక్సిజనూ కలిసిన నల్లరాయి. మన ఒంగోలు చుట్టుపక్కల కొండల్లోనూ ఉంది. దాన్ని బాగా చల్లబరిస్తే ఏమవుతుందో చెబుతా, విను.

కట్టెను నారవాటున కొడితే ఇట్టే చీలుతుంది, అడ్డంగా కొడితే గొడ్డలి ఎగిరిపడుతుంది కదా! అయస్కాంత స్ఫటికమూ అంతే. దాని అయస్కాంతత్వం కొన్ని దిక్కులకు సులువుగా తిరుగుతుంది, కొన్నిటికి మొరాయిస్తుంది. ఎలక్ట్రాన్ల భ్రమణానికీ చుట్టూ ఉన్న పరమాణువుల అమరికకూ మధ్య ముడి ఉండబట్టే ఈ తేడా. దీన్నే అనైసోట్రోపీ అంటారు.

ఇప్పుడో ఘనాన్ని ఊహించుకో. ఒక మూల నుంచి లోపలిగుండా ఎదురు మూలకు గీత గియ్యి. అలాంటివి నాలుగు వస్తాయి. మన ఇంట్లో ఉండే వేడిలో మాగ్నటైట్‌కు ఇష్టమైన దిక్కులు అవే. చల్లబరుస్తూ పోతే ఆ ఇష్టం సన్నగిల్లుతుంది. మైనస్ 143 డిగ్రీల దగ్గర దానికి అన్ని దిక్కులూ దాదాపు ఒకటే. ఇంకాస్త దిగితే ఇష్టం ఘనం అంచుల వైపు మళ్లుతుంది.

మైనస్ 150 దగ్గర స్ఫటికం ఆకారమే కాస్త ఒరుగుతుంది. అప్పటిదాకా ఇనుము పరమాణువుల మధ్య గెంతుతున్న ఎలక్ట్రాన్లు కుదురుగా సర్దుకుంటాయి. విద్యుత్తును అడ్డుకునే గుణం ఒక్కసారిగా వంద రెట్లదాకా పెరుగుతుంది. 1939లో హాలెండ్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో పనిచేసే వెర్వే దీన్ని గట్టిగా పట్టించుకున్నాడు. అందుకే దీనికి వెర్వే మార్పు అని పేరు. ఎలక్ట్రాన్లు మూడేసి ఇనుము పరమాణువుల వరుసల మీద పంచుకుని ఉంటాయని తేలడానికి 2012 దాకా పట్టింది! ఇక్కడినుంచి రాయి పట్టుదల బాగా పెరుగుతుంది. మూడు అంచుల దిక్కుల్లో ఒక్కదాన్నే పట్టుకుంటుంది. చల్లబడేటప్పుడు పక్కన అయస్కాంతం ఉంటే, దాని దిక్కుకు దగ్గరగా ఉన్న అంచునే ఎంచుకుంటుంది.

దీనివల్ల ప్రయోజనం ఏమిటంటావా? లావా గడ్డకట్టినప్పటి భూమి అయస్కాంత దిక్కు రాళ్లలోని మాగ్నటైట్ రేణువుల్లో నిలిచిపోతుంది. పెద్ద రేణువుల్లో ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరిగిన చాలా అరలుంటాయి. తర్వాతి కాలపు దిక్కులకు అవి సులువుగా లొంగిపోతాయి. మిల్లీమీటరులో పదివేలో వంతుకు అటూ ఇటూ ఉండే చిన్న రేణువులు మాత్రం పాత దిక్కును వదలవు. ఏది అసలు పాత దిక్కో తేల్చాలంటే, భూమి అయస్కాంత ప్రభావం సోకని పెట్టెలో రాతిముక్కను మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి, మళ్లీ మామూలు వేడికి తెస్తారు. ఇష్టాయిష్టాలు చెరిగిపోయే ఆ మైనస్ 143 దాటేటప్పుడు పెద్ద రేణువుల్లో అరల మధ్య గోడలు పట్టుతప్పి జరుగుతాయి. వాటి దిక్కు చాలావరకు చెదిరిపోతుంది. పొడుగాటి చిన్న రేణువులకు మాత్రం తమ ఆకారమే అండ, అందుకే నిలబడతాయి.

మాగ్నటైట్‌లో టైటానియం ఎక్కువగా కలిస్తే ఈ మార్పే కనబడదు. కాబట్టి చల్లబరిచి చూస్తే రాయిలో ఉన్నది స్వచ్ఛమైన మాగ్నటైటా కాదా అన్నదీ బయటపడుతుంది. రాయిని కాల్చకుండా, కరిగించకుండా, ఒక్క చలితోనే దాని గుట్టు తెలుసుకోవచ్చు బుజ్జీ. పదార్థాన్ని ఓపికగా అడిగితే జవాబు చెబుతుందని నా నమ్మకం.