పాత అంబాసిడరునకు క్రొత్త రబ్బరు

ఇంటి ముంగిట పాత అంబాసిడరు కారు ఉన్నవారు నేటికిని మనలో కొందరు కలరు. తండ్రిగారు కొన్నదనియో, తమ పెండ్లినాడు ఊరేగినదనియో దానిని అమ్ముటకు మనసొప్పక, ఇంజను బాగుచేయించి, రంగు వేయించి, సీట్లకు క్రొత్త గుడ్డ తొడిగించి మరల రోడ్డెక్కించుచున్నారు. ఇంత వ్యయమునకు ఓర్చినవారును తలుపుల చుట్టు ఉండు రబ్బరు విషయమున మాత్రము మెకానిక్కు తెచ్చినదే చాలునని ఊరకుందురు. షెడ్డులలో బీడింగు అని పిలుచు ఈ పట్టీని ఎట్లు ఎన్నుకొనవలెనో మేము కొంత నష్టపడి తెలిసికొంటిమి.

ఇది అలంకారమునకు సంబంధించిన సంగతి కాదు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును అనుసరించి, హిందూస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో 1957 మొదలు 2014 వరకు నిర్మించిన బండి అంబాసిడరు. లారీకి వలె దీనికి వేరుగా ఛాసిస్ లేదు. నేల రేకు, గడపలు, స్తంభములు, పైకప్పు అన్నియు ఒక్కటిగా అతుకబడి బరువును మోయుచుండును. తలుపు సందునుండి కారిన వాననీరు చాప క్రింద నిలిచినచో, త్రుప్పు గడప లోపలినుండి తినుకొనుచు వచ్చును. పైన రంగు పొంగి మనకు కనబడునాటికి లోపల రేకు మిగిలియుండదు. అనగా రబ్బరు పాడైన కారు తడియుటయే గాక, తన ఎముకలనే పోగొట్టుకొనును.

డిక్కీ రబ్బరు సంగతి ఇంకను గట్టిది. పొగగొట్టము డిక్కీ క్రిందనే ముగియును. కారు పరుగెత్తునపుడు దాని వెనుక గాలి ఒత్తిడి తగ్గి, పొగ అచ్చటనే సుడి తిరుగుచుండును. డిక్కీ మూత సరిగా బిగియనిచో ఆ పొగ వెనుక సీటు వరకు ప్రాకును. అందులోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. వెనుక కూర్చున్న పిల్లలు దూరప్రయాణములో మత్తుగా పడియున్నచో నిద్ర అనుకొందుము. కనుక డిక్కీ బీడింగు సామానుల కొరకు అనుకొనరాదు.

మొదటిసారి మేము చేసిన పొరపాటు చెప్పెదము. విజయవాడ ఆటోనగరులో ఒక దుకాణమున చేతికి మిక్కిలి మెత్తగా, లావుగా తగిలిన స్పాంజి చుట్టను ఏరి కొంటిమి. ఎంత లావైన అంత అడ్డమని మా లెక్క. నాలుగు తలుపులకును దానినే అంటించితిమి. తలుపు వేయవలెనన్న విసరి కొట్టవలసి వచ్చెడిది. కొన్ని వారములకే తాళపు కొక్కెము వదులైనది. తలుపు క్రిందిభాగము వెలుపలికి పొడుచుకొని వచ్చినది. వర్షాకాలము రాగానే ఆ స్పాంజి స్నానపు స్పాంజి వలె నీరు పీల్చి, ఆ నీటిని రేకునకు అదిమి పట్టి ఉంచినది. రబ్బరు లేకున్నను అంత చెరుపు జరిగెడిది కాదేమో!

స్పాంజి రబ్బరు రెండు విధములు. ఒకదానిలో గాలిగదులు ఒకదానితో ఒకటి కలిసియుండును. నీరు లోనికి పోవును. రెండవదానిలో ప్రతి గదియు మూసికొని యుండును. తలుపునకు రెండవదే కావలెను. కొనుటకు ముందు చిన్న ముక్కను నీటిలో నొక్కి వదలి, పైన తుడిచి, మరల పిండి చూడుడు. నీరు కారినచో దానిని అక్కడనే వదలి రండు.

ఇక కొలత. పాత రబ్బరు ఎండి, కుదించుకొని, అణగియుండును గనుక దాని మందమును నమ్మరాదు. దాని ఆకారము మాత్రము పనికివచ్చును. అణగని చోట అడ్డముగా కోసి, కోసిన ముఖమును సిరాలో అద్ది కాగితముపై ముద్ర వేయుడు. దుకాణమునకు పోవునపుడు ఆ ముద్ర దగ్గరనుంచుకొనవలెను. అద్దము చుట్టుండు గట్టి రబ్బరునకు రెండు గాడులుండును. ఒకటి అద్దమును, మరియొకటి రేకును పట్టును. తలుపు బీడింగు నొక్కుకొనుటకు, కిటికీ గాడిలోని మెత్తని పట్టీ అద్దము జారుటకు ఏర్పడినవి. ఒకే చుట్ట కొని అన్నిచోట్ల అంటించుట తగదు.

మందము తెలియవలెనన్న సందునే అడుగవలెను. అంతకు ముందు తలుపును తెరచి, కొసను పట్టి పైకెత్తి చూడుడు. అది కదలినచో బందుల మేకులు అరిగినవన్నమాట. వానిని మార్చనిదే ఏ రబ్బరు కొన్నను వ్యర్థము. తరువాత పిల్లలు ఆడుకొను మైనపు బంకమట్టిని ఉండలు చేసి, పలుచని ప్లాస్టిక్ కాగితమున చుట్టి, తలుపు చట్రముపై అక్కడక్కడ నుంచి తలుపు వేయుడు. తెరచి, అణగిన ఉండల మందమును కొలువుడు. సందు 8 మిల్లీమీటర్లున్నచో 12 మిల్లీమీటర్ల స్పాంజి మూడవ వంతు నొక్కుకొని చక్కగా అమరును. సగమునకు మించి నొక్కవలసి వచ్చునది మా తలుపునకు పట్టిన గతి పట్టించును. పై అంచున ఒక కొలత, క్రింద మరియొక కొలత వచ్చినచో తలుపునే సరిచేయించవలెను.

పదార్థము విషయమున మా అభిప్రాయము కొందరికి రుచింపదు. అసలు కంపెనీ సరకే కావలెనని, దుకాణములలో ఏండ్ల తరబడి మూలబడియున్న పొట్లములను వెదకి కొనువారున్నారు. రబ్బరు వాడకున్నను ముసలిదగును. గాలిలో కొద్దిపాటి ఓజోను వాయువుండును. సహజ రబ్బరు అణువు పొడవైన గొలుసు వంటిది. దానిలో ద్విబంధములను కట్లు కలవు. ఓజోను ఆ కట్లనే తెగగొట్టును. వంచి, సాగదీసి ఉంచిన చోట పగుళ్ళు ముందుగా పుట్టుట అందుచేతనే. 1960వ దశాబ్దమున వ్యాప్తిలోనికి వచ్చిన ఈపీడీఎం అను కృత్రిమ రబ్బరునకు గొలుసు వెన్నులో ఆ కట్లు లేవు. మన ఎండకు, వానకు అది చాలకాలము ఓర్చును. కావున ఆకారమున పాతదానిని, పదార్థమున క్రొత్తదానిని అనుసరించుట మేలని మేము తలంచుచున్నాము. ఈపీడీఎంకు ఒక లోపము కలదు: పెట్రోలు, ఇంజను నూనె తగిలినచో ఉబ్బును. పెట్రోలు గొట్టము వద్ద నైట్రైలు రబ్బరు వాడవలెను. అద్దములకు మెరుపు కొరకు డీజిలు గుడ్డతో తుడుచు డ్రైవర్లు బీడింగును కూడ తుడిచిపెట్టుచుందురు. ఆ అలవాటు మాన్పించుడు. సబ్బునీరు, పిమ్మట కొంచెము సిలికోను గ్రీజు చాలును.

దుకాణదారు మాటయే ఆధారము కానక్కరలేదు. నమూనా ముక్కను రెండుగా మడచి, దారముతో కట్టి, వేసవిలో మేడపై కొన్ని వారములు ఉంచుడు. మడతపై పగుళ్ళు వచ్చునేమో చూడవచ్చును. మరియొక ముక్కను రెండు చెక్కల నడుమ సగము మందమునకు బిగించి, మూడు దినముల తరువాత విడువుడు. పూర్వపు మందమునకు రాక అణగియే ఉన్నది తలుపులో కూడ అట్లే ఉండును.

అంటించునపుడు రబ్బరును సాగదీయరాదు. సాగదీసినది కొన్నాళ్ళకు కుదించుకొని మూలలయందు సందు విడుచును. అయిదారు మిల్లీమీటర్లు ఎక్కువగా కోసి, కొసలను ఒత్తి కలుపవలెను. ఆ అతుకు క్రిందివైపున ఉండవలెను. తలుపు అడుగున ఉండు చిన్న రంధ్రములను ఎన్నడును మూయకుడు. కిటికీ పట్టీ ఎంత మంచిదైనను కొంత నీరు తలుపు లోపలికి దిగుట సహజము. ఆ నీటికి అదియే దారి.

జిగురు ఆరిన పిమ్మట రబ్బరుపై సుద్ద పూసి తలుపు వేసి తెరచినచో రేకుపై తెల్లని గీత పడును. గీత తెగిన చోట రబ్బరు తగులుట లేదు. తరువాత ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చుండగా మరియొకరు గొట్టముతో నీరు పోయవలెను. క్రిందనుండి మొదలుపెట్టి మెల్లగా పైకి పోయినచో ఎక్కడ కారుచున్నదో తెలియును. పైనుండి పోసినచో అంతటను తడిసి ఏమియు తెలియదు. ఇంతయు అయిన తరువాతను మేము మొదటి రెండు మూడు వానలు వెలియువరకు చాపలు పరవక, ప్రతి ఉదయమును నేల రేకును చేతితో తడిమి చూచుచుంటిమి.