చల్లబరచడానికేనట!

1978 జూన్, స్వీడన్‌లోని ఆండర్‌స్టార్ప్ రేస్ ట్రాక్. బ్రాబమ్ జట్టు కార్ల వెనక భాగాన్ని చెత్తడబ్బా మూతతో కప్పి ఉంచారు. మూత తీస్తే పెద్ద ఫ్యాన్. ఆగి ఉన్న కారులో డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కితే చాలు, కారు కారంతా నేలకేసి కుంగేది. చూసిన ప్రత్యర్థులకు ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

ఆ ఏడాది ఫార్ములా వన్‌లో లోటస్ 79దే రాజ్యం. దాని అడుగుభాగాన్ని తిరగేసిన విమానం రెక్కలా మలిచారు. కిందికి దూరిన గాలి వేగం పుంజుకుంటే అక్కడ పీడనం తగ్గుతుంది, కారు రోడ్డును కరుచుకుంటుంది. బ్రాబమ్ డిజైనర్ గోర్డన్ మర్రేకూ అదే చేయాలని ఉంది. కానీ ఆయనకు దక్కిన ఆల్ఫా రోమియో ఇంజిన్ బల్లపరుపుగా, వెడల్పుగా ఉండి గాలి పోయే దారికే అడ్డు. సరే, గాలిని పీల్చి వెనక్కి తోసేస్తే?

చిక్కంతా రూల్ బుక్కుతోనే. ముఖ్యంగా గాలితో కారును నేలకు అదిమేందుకు పెట్టిన పరికరమేదీ కదలకూడదు. ఫ్యానేమో తిరక్కుండా ఎలా ఉంటుంది? మర్రే రేడియేటర్‌ను తీసుకెళ్లి ఇంజిన్ మీద పరిచాడు. ఫ్యాన్ ముఖ్యంగా చల్లబరచడానికే అన్నాడు. అది అబద్ధమూ కాదు, ఫ్యాన్ లేకపోతే ఆ రేడియేటర్ పనిచేయదు. కాకపోతే అసలు కంటే వడ్డీ ముద్దు! ఇంజిన్ చుట్టూ అంచులు నేల దాకా దించి, ఫ్యాన్‌ను గేర్‌బాక్స్‌కు తగిలించడంతో కారు కింద గాలి ఖాళీ అయ్యేది.

మరీ వేగం చూపిస్తే గొడవవుతుందని క్వాలిఫయింగ్‌లో నిండు ట్యాంకులతో నడిపారు. అయినా రెండు, మూడు స్థానాలు వాళ్లవే. రేసులో ఓ కారు నుంచి ఆయిల్ కారి ట్రాక్ జారుడుబల్ల అయింది. అందరూ ఆచితూచి వెళ్తుంటే, బ్రాబమ్ డ్రైవర్ నికీ లౌడా ఏమీ పట్టనట్టు మారియో ఆండ్రెట్టి లోటస్‌ను దాటేసి, చివరికి 34 సెకన్ల తేడాతో గెలిచాడు.

గెలుపు చెల్లింది. కారు మాత్రం మళ్లీ గ్రాండ్ ప్రీలో దిగలేదు. తోటి జట్లు తిరగబడేసరికి బ్రాబమ్ యజమాని బెర్నీ ఎకిల్‌స్టన్ తానే వెనక్కి తీసుకున్నాడు. ఆ జట్ల సంఘంలో పెత్తనం చేతికొస్తున్న రోజులవి, ఒక కారు కోసం దాన్ని పోగొట్టుకునే మనిషి కాదాయన. ఆపైన ఫ్యాన్లను నిషేధించారు.

మర్రే ఊరుకోలేదు. 1981లో కారుకూ నేలకూ మధ్య 6 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలన్నారు. కొలిచేది కారు ఆగాక. ఆయన బిగించిన సస్పెన్షన్ వేగం పెరిగితే గాలి బరువుకు దిగిపోయేది, నెమ్మదిస్తే లేచి నిలబడేది. కొలబద్ద పెడితే 6 సెంటీమీటర్లు! ప్రత్యర్థులు ముందు మండిపడి, తర్వాత తామూ అలాంటిదే బిగించుకున్నారు. ఆ ఏడాది బ్రాబమ్‌తోనే నెల్సన్ పికే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

2020లో మర్రే టీ.50 అనే రోడ్డు కారును చూపించాడు. దాని వెనక 400 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉంది. కారును నేలకు పట్టి ఉంచడంలో అది సాయపడుతుందని ఈసారి ఆయనే చెప్పాడు.