చప్పుడు లేని కారు

పోయిన సంక్రాంతికి మా అబ్బాయి పెళ్ళాం బిడ్డతో సహా కొత్త కారులో మా ఊరు వచ్చాడు. అది హైబ్రిడ్ కారు. అంటే, దానికి పెట్రోలు ఇంజనూ ఉన్నది, విద్యుత్తుతో తిరిగే మోటారూ ఉన్నది. అది వచ్చి వాకిట్లో ఆగినా లోపల ఉన్న మాకు తెలియనే లేదు. అంత నిశ్శబ్దంగా వచ్చింది.

అప్పటికి చీకటి పడుతున్నది. మా అబ్బాయి కారును పాత షెడ్డులో పెట్టి, సామాన్లన్నీ ఇంట్లోకి చేరవేసి, మంచు కురుస్తున్నదని షెడ్డు తలుపులు దగ్గరగా వేశాడు. అందరం కాఫీలు తాగుతూ కబుర్లలో పడ్డాం. పావుగంట అయిందో లేదో, షెడ్డులో నుంచి గుర్రుమని ఇంజను చప్పుడు!

"ఏమండీ, ఎవరో మన కారు తోలుకుపోతున్నారు!" అన్నది మా ఇంటావిడ.

మూడో తరగతి చదివే మా మనవరాలు అందరికన్నా ముందు షెడ్డు వైపు పరుగెత్తబోయింది. నేను దాని రెక్క పట్టుకుని ఆపాను. మా అబ్బాయి వెళ్ళి తలుపులు బార్లా తెరిచాడు. కారులో ఎవరూ లేరు. తాళంచెవి మా అబ్బాయి జేబులోనే ఉన్నది. అయినా ఇంజను నడుస్తున్నది! షెడ్డు నిండా పొగ వాసన. కాసేపు గాలి ఆడనిచ్చి, అప్పుడు లోపలికి వెళ్ళి, మీట నొక్కి కారు ఆపి వచ్చాడు.

"తాళంచెవి నా దగ్గరే ఉన్నదిగా! పైగా చప్పుడు లేదు. ఆపాననే అనుకున్నాను," అన్నాడు వాడు. దిగేటప్పుడు కారు కీచుకీచుమని కూసిందిట. సామాన్ల హడావిడిలో పట్టించుకోలేదు.

"మరి దాన్నెవరు నడిపారు, తాతయ్యా?" అని అడిగింది మనవరాలు.

ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి కారుతోపాటు ఇచ్చిన పుస్తకం ముందు వేసుకుని కూర్చున్నాను. పిల్లలూ, అప్పుడు తెలుసుకున్న సంగతులే మీకూ చెబుతాను.

ఒకప్పుడు కారు బయలుదేరతీయడం మాటలు కాదు. ముందు భాగంలో ఇనప హ్యాండిలు దూర్చి, బలం కొద్దీ తిప్పాలి. ఇంజను ఒక్కొక్కప్పుడు ఎదురు తన్నేది. తిప్పేవాడి చెయ్యి విరిగేది. 1911లో చార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఇంజనీరు, ఇంజనును విద్యుత్తుతో తిప్పే సాధనం తయారుచేశాడు. 1912 నాటి కాడిలాక్ కార్లకు దాన్ని అమర్చారు. కొంతకాలానికి తాళంచెవి తిప్పితే ఇంజను కదిలే ఏర్పాటు వచ్చింది. చెవి ఊడదీస్తే ఇంజను ఆగిపోయేది. అందుచేత, "చెవి జేబులో ఉన్నది గనక కారు ఆగి ఉన్నది" అనుకోవడం అందరికీ అలవాటైపోయింది.

1997 డిసెంబరులో జపానులో టయోటా కంపెనీవారు ప్రియస్ అనే హైబ్రిడ్ కారును అమ్మకానికి పెట్టారు. 2003లో వచ్చిన రెండవ రకం ప్రియస్‌లో, చెవి తిప్పడానికి బదులు నొక్కే మీట పెట్టారు. ఇప్పుడు అనేక కార్లలో చెవిని జేబులోనుంచి తియ్యనే అక్కరలేదు. అది రేడియో తరంగాల ద్వారా "నేను ఇక్కడే ఉన్నాను" అని కారుకు తెలియజేస్తుంది. కాని, చెవి తీసుకుని మనం దిగిపోయినంత మాత్రాన కారు ఆగిపోదు!

పాత తాళంచెవిని తిప్పుతూ ఉంటే కొన్ని మెట్లు వచ్చేవి. ఆ మెట్లే ఇప్పుడు మీటలో దాగి ఉన్నాయి. అవి తెలియాలంటే మన ఎద్దుబండిని తలుచుకోండి.

మొదటి మెట్టు ఆఫ్. అంటే, ఎద్దులు కొట్టంలో పడుకుని ఉన్నాయి.

రెండవది ఏసీసీ. ఇది చల్లగాలి ఇచ్చే ఏసీ కాదు. రేడియో వంటి చిన్న చిన్న వస్తువులు మాత్రం పనిచేస్తాయి. బండి కింద లాంతరు వెలిగించారన్నమాట.

మూడవది ఆన్. కారు ముందు పలకలో దీపాలన్నీ వెలుగుతాయి, కిటికీ అద్దాలు దిగుతాయి. కాని కారు కదలదు. బండివాడు వచ్చి శీలలూ, తాళ్ళూ సరిచూసుకుంటున్నాడు. ఎద్దులు ఇంకా కొట్టంలోనే ఉన్నాయి.

నాలుగవది రెడీ. ఎద్దుల్ని బండికి కట్టేశారు. ఇక అదిలించడమే తరువాయి!

ప్రియస్‌లో బ్రేకు తొక్కకుండా మీట నొక్కితే మొదట ఏసీసీ, మళ్ళీ నొక్కితే ఆన్, మళ్ళీ నొక్కితే ఆఫ్ వస్తాయి. బ్రేకు తొక్కి నొక్కితే తిన్నగా రెడీ వస్తుంది. బ్రేకు తొక్కడం దేనికి? కారు చిన్నపిల్లల చేతిలో పడి, ఊరికే మీట నొక్కగానే కదిలిపోకుండా ఉండడానికి. ఈ మెట్లు అన్ని కార్లకూ ఒకే తీరుగా ఉండవు. అందుచేత ఎవరి కారు పుస్తకం వారు చదువుకోవాలి.

ఇందులో ఒక చిత్రం ఉన్నది. 2003 నాటి ప్రియస్ మీట మీద చిన్న దీపం ఉన్నది. ఏసీసీలోనూ, ఆన్‌లోనూ అది పసుపుపచ్చగా వెలుగుతుంది. బ్రేకు తొక్కితే ఆకుపచ్చగా మారుతుంది. రెడీ రాగానే ఆరిపోతుంది! కారు ఆఫ్‌లో ఉన్నా ఆ దీపం వెలగదు, కదలడానికి సిద్ధంగా ఉన్నా వెలగదు. అందుకే మీట దీపాన్ని కాదు, ముందు పలకలో రెడీ అనే మాట వెలుగుతున్నదేమో చూడాలి.

ఇక బాటరీల సంగతి. ప్రియస్‌లో రెండు బాటరీలున్నాయి. చిన్నది 12 వోల్టులది. పెద్దది సుమారు 200 వోల్టులది. రేడియో, దీపాలు, కారు మెదడులాంటి కంప్యూటరు చిన్న బాటరీ మీద పనిచేస్తాయి. చక్రాలు తిప్పేది పెద్ద బాటరీ. ఏసీసీలోనూ, ఆన్‌లోనూ పెద్ద బాటరీకి తలుపు మూసి ఉంటుంది. రెడీ రాగానే ఆ తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు పెద్దది మోటారుకు విద్యుత్తు ఇస్తూ, చిన్నదాన్ని కూడా నింపుతూ ఉంటుంది.

అందుచేత, ఏసీసీలో పెట్టి గంటల తరబడి రేడియో వింటూ కూర్చుంటే చిన్న బాటరీ ఖాళీ అయిపోతుంది. తరవాత కారు లేవదు. పెద్ద బాటరీ నిండుగానే ఉన్నది కాదా అంటారేమో! చెరువు నిండుగా ఉన్నా, తూము ఎత్తే లస్కరు లేకపోతే చేలకు నీళ్ళెలా వస్తాయి? ఆ తూము ఎత్తే పని చిన్న బాటరీదే.

ఇప్పుడు మా షెడ్డులో ఇంజనును ఎవరు నడిపారో మీకు తెలిసే ఉంటుంది. మా అబ్బాయి కారును రెడీలోనే వదిలి దిగిపోయాడు. ఇంజను ఆగి ఉన్నది గనక చప్పుడు లేదు. దీపాలకూ, ఏసీకీ పెద్ద బాటరీ ఖర్చవుతూ వచ్చింది. అది తగ్గడం చూసి కంప్యూటరు, బాటరీని నింపడానికి ఇంజనును నడిపించింది. ఎద్దులు చప్పుడు చెయ్యకుండా నిలబడి ఉన్నంత మాత్రాన వాటిని విప్పినట్టా?

ఇది నవ్వుకుని ఊరుకునే సంగతి కాదు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్న 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఒంటికి ప్రాణవాయువు అందదు. మనిషి స్పృహ తప్పుతాడు. మా షెడ్డుకూ, మనవరాలు పడుకునే గదికీ మధ్య ఒక్క తలుపే అడ్డం. ఆ ఇంజను అర్ధరాత్రి, అందరమూ నిద్రలో ఉండగా నడిచి ఉంటే? ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇటువంటి కార్లను ఇంటి షెడ్లలో ఆపడం మరిచి అమెరికాలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుచేత 2021లో ఆ దేశపు చట్టసభ, ఇలాంటి కార్లలో వదిలేసిన ఇంజను కొంతసేపటికి తనంతట తానే ఆగిపోయేలా నిబంధన తేవాలని చట్టం చేసింది.

పూర్తిగా విద్యుత్తుతో నడిచే కారుకు ఇంజనూ లేదు, పొగా లేదు. కాని అది కూడా రెడీలో చప్పుడు లేకుండా నిలబడుతుంది, మరుక్షణం కదలగలదు. అందుచేత పిల్లలూ, ఆగి ఉన్న కారు ముందూ వెనకా ఆడుకోకండి. పెద్దలు లేకుండా మీట ముట్టుకోకండి. షెడ్డులో పొగ వాసన వేస్తే లోపలికి వెళ్ళకుండా పెద్దవాళ్ళను పిలవండి. పెద్దలు కూడా, కారు దిగే ముందు మీట నొక్కి, రెడీ మాట ఆరిపోయిందని కళ్ళారా చూసి మరీ దిగాలి.

ఎద్దుబండి కథ మా మనవరాలికి ఎంత బాగా పట్టుబడిందంటే, పండగ వెళ్ళేదాకా మా అబ్బాయి కారు దిగినప్పుడల్లా గుమ్మంలో నిలబడి, "నాన్నా, ఎద్దుల్ని విప్పావా?" అని అడిగేది. వాడు విసుక్కోకుండా వెనక్కి వెళ్ళి, ఇంకోసారి చూసి వచ్చి, "విప్పానమ్మా!" అనేవాడు.