గుండె మాత్రలు, రక్తంలో పొటాషియం



గుండె బలహీనపడి ఆయాసం, కాళ్ళ వాపులతో బాధపడే మన ప్రాంతపువారు చాలామంది తిరుపతి స్విమ్స్‌లోనో, వేలూరు సి.ఎం.సి.లోనో చూపించుకొని మందుల చీటీ తెచ్చుకుంటారు. ఆ చీటీలో తరచుగా స్పైరొనోలాక్టోన్ మాత్ర, దానితోపాటు ఎనాలాప్రిల్, రామిప్రిల్ వంటిది ఒకటి ఉంటుంది. ఇవి గుండెను కాపాడే మందులు. అయితే మూత్రంలో పొటాషియం బయటికి పోవడాన్ని తగ్గించేవి కూడా ఇవే. షుగరు జబ్బు, కిడ్నీ బలహీనత ఉన్నవారిలో పొటాషియం మరింత త్వరగా పెరుగుతుంది.

రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండాలి. 5.5 దాటితే వైద్యులు స్పైరొనోలాక్టోన్ మోతాదు తగ్గిస్తారు, 6 దాటితే ఆపుతారు. కొందరికి కాళ్ళలో సత్తువ పోయినట్లుంటుంది, నాడి నెమ్మదిస్తుంది. చాలామందికి ఏమీ తెలియదు. గుండె లయ తప్పి ప్రాణం మీదికి వచ్చేదాకా రోగి బాగానే ఉన్నాననుకోవచ్చు. అందుకే మేము రక్తపరీక్ష గురించి ఇంతగా పోరుతాము.

స్పైరొనోలాక్టోన్ వలన తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్నవారిలో మరణాలు 30 శాతం తగ్గాయని 1663 మందిపై జరిగిన రేల్స్ పరిశోధన 1999లో చూపింది. ఆ రోగులకు క్రమం తప్పక రక్తపరీక్షలు చేశారు. తరువాత కెనడాలోని ఒంటారియోలో ఈ మాత్రను విరివిగా వ్రాశారు. అక్కడి వృద్ధ గుండె రోగులలో పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవారు 1994లో వెయ్యికి 2.4 కాగా, 2001లో 11 అయ్యారని 2004లో ప్రకటించారు. మాత్ర మారలేదు, కనిపెట్టి చూడడమే తగ్గిందని మా అభిప్రాయం. మాత్ర మొదలుపెట్టిన వారానికి, నెలకు, ఆపై వైద్యులు చెప్పినట్లు మూడు నాలుగు నెలలకొకసారి పొటాషియం, క్రియాటినిన్ రెండూ చూపించుకోండి. భయపడి మీ అంతట మీరే మాత్ర మానితే మళ్ళీ వాపులు, ఆయాసం వస్తాయి.

ఇక ఇంటి సంగతి. రోగిని చూడవచ్చే బంధువులు ప్రేమతో టెంకాయ నీళ్ళు తెస్తారు. ఒక గ్లాసులో ఒక అరటిపండుకు తగ్గని పొటాషియం ఉంటుంది. మదనపల్లె తమాటాలు చౌకైన రోజుల్లో మూడు పూటలా తమాటా పులుసే. కూరగాయలను, ఆకుకూరలను చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండుకోండి. పప్పు కట్టుతో చారు కాచవద్దు.

అన్నిటికంటే మేము భయపడేది లో సోడియం ఉప్పు. ఉప్పు తగ్గించమన్నాము గదా అని మంచి మనసుతోనే ఆ ప్యాకెట్ కొంటారు. అందులో మామూలు ఉప్పులో కొంత తీసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉప్పును సిఫారసు చేస్తూనే, కిడ్నీ జబ్బున్నవారిని, పొటాషియం సరిగా బయటికి పోనివారిని మినహాయించింది. మన గుండె రోగులు ఆ లెక్కలోనివారే. మామూలు ఉప్పునే తక్కువగా వాడండి.

మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా కిడ్నీల పని తగ్గించి పొటాషియం పెంచుతాయి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అదే రోజు ఆస్పత్రికి రండి. ఆ రోజుల్లో ఏ మాత్ర ఆపాలో వైద్యులు చెబుతారు.

మా సిస్టర్లకు ఒక మాట. రక్తం తీసేటప్పుడు కట్టు బిగించి, పిడికిలి పదేపదే మూయించి తెరిపిస్తే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపుతుంది. అంకె ఎక్కువ వస్తే ఇ.సి.జి. తీసి, మరల శాంపిల్ పంపండి. ఇ.సి.జి.లో మార్పుంటే రెండో రిపోర్టు కోసం ఆగకూడదు. గుండె రక్షణకు కాల్షియం గ్లూకోనేట్, పొటాషియంను కణాలలోకి పంపడానికి గ్లూకోజుతో ఇన్సులిన్ ఇస్తారు. ఇన్సులిన్ ఇచ్చాక కొన్ని గంటలపాటు షుగరు చూస్తూనే ఉండాలి.

ఓ.పి.కి వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు, సీసాలు అన్నీ సంచిలో వేసుకొని రండి. లాసిక్స్‌తోపాటు ఎప్పుడో వ్రాసిన పొటాషియం సిరప్ ఇంకా త్రాగుతున్నవారు ఉంటారు.