మైలేజీ ఆశతో ఇంజను చెడగొట్టుకోవద్దు!
పాత బుల్లెట్ కార్బురేటర్‌కు చెవి, ఓపిక, ఒక స్క్రూ డ్రైవరు చాలు

ఊరి చివర మలుపులో చప్పుడు వినబడగానే, వస్తున్న బుల్లెట్ ఎవరిదో అరుగుమీద కూర్చున్నవారు తల తిప్పకుండానే చెప్పే రోజులుండేవి. ఆ బండ్లలో కొన్ని ఇప్పటికీ పల్లెల్లో తిరుగుతున్నాయి. తండ్రి కొన్న బండిని కొడుకు, తాత ఎక్కిన బండిని మనవడు నడుపుతున్నారు. బండి అదేగాని చప్పుడు మారింది. ఒకటి దగ్గుతూ నడుస్తుంది. ఒకటి నల్లపొగ వదులుతుంది. ఇంకొకటి ఎండలో నాలుగు మైళ్లు పోగానే వేడెక్కి మొరాయిస్తుంది.

ఈ జబ్బుల్లో చాలావాటికి మూలం గుప్పెట్లో ఇమిడే కార్బురేటర్. దానిని సరిచేయడం పెద్ద విద్య కాదు. తెలియకుండా తిప్పితే మాత్రం ఇంజనుకే ముప్పు. "మేస్త్రీ, లీటరుకు ఇంకో ఐదు కిలోమీటర్లు వచ్చేలా ఆ స్క్రూ కాస్త తిప్పు" అన్న మాట షెడ్డుల్లో తరచు వినబడేదే. అసలు నష్టం అక్కడే మొదలవుతున్నది.

గాలికీ పెట్రోలుకూ లెక్క

బుల్లెట్ తయారీకి మద్రాసులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడింది. ఆ పాతకాలపు పోత ఇనుము ఇంజను 346 సీసీది. దానికి మొదట్లో అమాల్ రకం, తర్వాత మిక్‌కార్బ్ రకం కార్బురేటర్ అమర్చేవారు. రూపం వేరైనా రెండింటి పనీ ఒకటే. ఇంజను పీల్చే గాలిలో పెట్రోలును తుంపరగా కలిపి లోపలికి పంపాలి.

కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు పాలు ఎక్కువైతే పచ్చికట్టెలు కుక్కిన పొయ్యిలా పొగచూరుతుంది, డబ్బు సైలెన్సరు దారిన పోతుంది. పెట్రోలు పాలు తగ్గితే మంట నెమ్మదిగా సాగి ఇంజను వేడెక్కుతుంది. లోపలికి వచ్చే పెట్రోలు ఆవిరి అవుతూ ఇంజనును కొంత చల్లబరుస్తుంది కూడా. ఆ చల్లదనం తగ్గితే ఎగ్జాస్టు వాల్వు మాడుతుంది, పిస్టను పట్టేస్తుంది. నెలల తరబడి మిగుల్చుకున్న పెట్రోలు డబ్బు బోరింగు పనికి పోతుంది.

ఏ స్క్రూ ఏ పని చేస్తుంది?

చాలామందికి తెలియని సంగతి ఇది. బయటకు కనిపించే గాలి స్క్రూ, బండి నిలబడి ఆడుతున్నప్పుడూ, యాక్సిలరేటరు కొద్దిగా తిప్పినప్పుడూ మాత్రమే పనిచేస్తుంది. రోడ్డుమీద పోయేటప్పుడు, అంటే పావు నుంచి ముప్పావు వంతు వరకు యాక్సిలరేటరు తిప్పినప్పుడు, పెట్రోలును కొలిచేది లోపలి సూది. పూర్తిగా తిప్పినప్పుడు కొలిచేది మెయిన్ జెట్టు. కాబట్టి గాలి స్క్రూ ఎంత తిప్పినా రోడ్డుమీద మైలేజీ పెద్దగా పెరగదు. ఆ సంగతి గ్రహించి కొందరు సూదిని కిందికి దించుతారు, లేదా చిన్న జెట్టు వేయిస్తారు. మైలేజీ నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది. వేసవిలో బరువు వేసుకుని దూరం పోయిన రోజున అసలు రంగు బయటపడుతుంది.

ముందు చూడవలసినవి

కార్బురేటర్‌మీద చేయి వేయకముందే కొన్ని చూసుకోవాలి. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిందేమో చూడాలి. కార్బురేటర్ ఇంజనును కలిసేచోట గాలి దూరుతున్నదేమో చూడాలి. ప్లగ్గు, పాయింట్లు శుభ్రంగా ఉండాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పిస్టను కంప్రెషన్‌లో పైకి వచ్చినచోట, ట్యాపెట్ మూత విప్పి ఇన్‌లెట్ పుష్‌రాడ్‌ను వేళ్లతో తిప్పితే తేలికగా తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదు. ఇవి సరిగా లేకపోతే కార్బురేటర్‌ను ఎన్నిసార్లు సవరించినా వృథాయే.

జెట్టు మూసుకుపోతే గాలి కొట్టి శుభ్రం చేయాలి. ఇనుప తీగతో పొడవడం పెద్ద తప్పు. మెత్తని ఇత్తడి రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా కొలత తప్పుతుంది. ఆపైన బండి పెట్రోలు తాగడం మొదలుపెడుతుంది.

చెవితో సవరణ

బండిని రెండు మూడు కిలోమీటర్లు నడిపి వేడెక్కనివ్వాలి. తర్వాత ఆరుబయట స్టాండు వేయాలి. తలుపులు మూసిన కొట్టంలో ఇంజను ఆడించడం ప్రాణాంతకం. ఆ పొగలోని విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. చుట్ట, బీడీ దగ్గరకు రానీయకూడదు.

మొదట గాలి స్క్రూను మెల్లగా పూర్తిగా బిగించి, అక్కడినుంచి ఒకటిన్నర చుట్టు వదలాలి. గట్టిగా బిగిస్తే లోపలి మొన దెబ్బతింటుంది. ఇంజను ఆడించి, యాక్సిలరేటరును ఆపే స్క్రూతో వేగం కాస్త పెంచాలి. ఇప్పుడు గాలి స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ చప్పుడు వినాలి. బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది, చప్పుడు బరువెక్కి మూలుగుతుంది. వదిలితే గాలి పెరుగుతుంది, చప్పుడు పలచబడి తడబడుతుంది. ఈ రెంటి నడుమ ఇంజను తనంతట తాను వేగం అందుకుని నిలకడగా కొట్టే చోటు ఒకటుంటుంది. అదే సరైన చోటు. ఆపైన ఆ రెండో స్క్రూతో వేగం తగ్గించి, ఒక్కొక్క దెబ్బ లెక్కపెట్టుకునేంత నిదానానికి తేవాలి. వేగం తగ్గించాక గాలి స్క్రూను మరోసారి సరిచూడాలి.

ప్లగ్గే సాక్షి

రోడ్డుమీది సంగతి చెప్పేది ప్లగ్గు. నాలుగైదు కిలోమీటర్లు ఒకే వేగంతో నడిపి, క్లచ్చి పట్టి ఇంజను ఆపేసి, చల్లారాక ప్లగ్గు విప్పి చూడాలి. మొన దగ్గర లేత ఇటుకరంగు ఉంటే అంతా సవ్యం. నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, ఇది ప్రమాద సూచన. సూదికి పైభాగంలో గాట్లు, వాటిలో ఒకదానికి క్లిప్పు ఉంటాయి. క్లిప్పును ఒక గాటు కిందికి మారిస్తే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. పైకి మారిస్తే తగ్గుతుంది. ఒకసారికి ఒక్క గాటే మార్చి, మళ్లీ ప్లగ్గు చూడాలి.

పెట్రోలే మారింది

ఇటీవల మరో సంగతి తోడైంది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు సాధారణమైంది. కిలో ఇథనాల్ మండడానికి సుమారు 9 కిలోల గాలి చాలు. ఆ పాళ్లలో కలిపితే 14.7 లెక్క పదమూడున్నర దగ్గరకు దిగుతుంది. కొత్త బండ్లలో కంప్యూటరు ఈ తేడాను సర్దుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. పాత పెట్రోలుకు సరిగ్గా కుదిరిన సూదీ జెట్టూ కొత్త పెట్రోలుకు కొంచెం తక్కువ పోస్తాయి. ఎవరూ ఏ స్క్రూ తిప్పకపోయినా పాత బండి వేడెక్కడానికి ఇదొక కారణం కావచ్చు. ప్లగ్గు తెల్లబడితే క్లిప్పును ఒక గాటు దించి చూడడం మంచిది.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును చెడగొడుతుంది. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచేవారు ట్యాపు కట్టి, కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు తీసివేయాలి. గట్టిపడిన పైపులు, వాషర్లు మార్పించాలి.

చేతులు మారని విద్య

2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త కాలుష్య నిబంధనలు అమల్లోకి రావడంతో కొత్త మోటారు సైకిళ్లలో కార్బురేటర్ స్థానాన్ని ఇంజెక్షన్ పద్ధతి ఆక్రమించింది. ఇప్పుడు పని నేర్చుకునే కుర్రాళ్లు బండికి యంత్రం తగిలించి లోపం చూస్తున్నారు. అది ఈనాటి అవసరమే. కాని చప్పుడు విని జబ్బు చెప్పే పాత మేస్త్రీలు ఒక్కొక్కరే పని మానుకుంటున్నారు. వారి పక్కన కూర్చునే శిష్యులు కరువయ్యారు.

ఇంట్లో పాత బుల్లెట్ ఉన్నవారు ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు బండి అప్పగించి టీ కొట్టుకు పోకుండా, మేస్త్రీ పక్కన అరగంట కూర్చోవడం మేలు. "ఐదు కిలోమీటర్లు పెంచు" అనేముందు "ప్లగ్గు ఏ రంగులో ఉంది?" అని అడగాలి. కొడుకునో మనవడినో వెంట తీసుకుపోయి ఆ చప్పుడు వినిపించాలి. ఇంజను ఇచ్చే హెచ్చరిక మొదట వినవలసింది దాన్ని రోజూ నడిపేవాడే.