మూగబోయిన లేతు

కోయంబత్తూరులో పుట్టి పెరిగిన తెలుగువారికి లేతు కొత్త వస్తువు కాదు. 1937 లో జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు కలిసి విద్యుత్ మోటారు తయారుచేసిన ఊరు ఇది. నేటికీ గణపతి, పీళమేడు వైపు వీధులలో నడిస్తే ఇండ్ల ప్రక్కనే లేతు చప్పుడు వినబడుతుంది. తమిళములో అట్టి పనిశాలను పట్టరై అంటారు. మన ఇండ్లలోనూ ఆ మాటే నిలిచిపోయింది.

మా బావమరిదికి అట్టి పట్టరై ఒకటి ఉన్నది. చేతితో నడిపే లేతులు రెండు, సెకండుహాండులో కొన్న సి.ఎన్.సి. లేతు ఒకటి. పంపులకు షాఫ్టులు, బుష్షులు చేసి ఇవ్వడం అతని పని. నలుగురు పనివారి కుటుంబములు దాని మీదనే ఆధారపడి ఉన్నవి. నిరుడు ఒకనాడు సి.ఎన్.సి. లేతు కంట్రోలరు పాడైపోయింది. మోటార్లు బాగున్నవి, ఇనుప శరీరము బాగున్నది, బుర్ర మాత్రమే పోయింది. ఆ బోర్డు ఇప్పుడు తయారు కావడం లేదన్నారు. కొత్త కంట్రోలరుకు చెప్పిన ధర, యంత్రము కొన్న ధరను మించింది. అదే నెలలో మరొక దెబ్బ తగిలింది. డ్రాయింగులకు వాడుతున్న సాఫ్ట్‌వేరు దొంగ కాపీ అని, లైసెన్సు కొనకపోతే దావా వేస్తామని ఉత్తరము వచ్చింది.

"బావా, పాత ఇనుము క్రింద అమ్మేస్తాను" అంటూ అతను మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

మేము ఆఫీసు గుమాస్తాలము. మెట్రిక్ చదువు, తెలుగు తమిళము రెండూ వ్రాయడం, ఫైళ్ళు వరుసగా పెట్టడం, ఇంతే మా విద్య. ఐనా దొంగ కాపీ విషయములో తప్పు మనదేనని అతనికి చెప్పగలిగాము. న్యాయముగా, ఉచితముగా దొరికేది ఏదైనా ఉన్నదా అని వెదకడానికి పూనుకొన్నాము. డిప్లొమా చదువుతున్న అతని కుమారుడు మాకు తోడైనాడు.

ఇక్కడ 'ఉచితము' అన్న మాటను సరిగా తెలుసుకోవాలి. 1983 లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ప్రయత్నమును ప్రకటించారు. 1991 లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్‌ను మొదలుపెట్టారు. ఈ త్రోవలో వచ్చిన సాఫ్ట్‌వేరుకు వెల లేకపోవడం ఒక్కటే విశేషము కాదు. లోపలి వ్రాత చూడవచ్చు, మార్చుకోవచ్చు, ప్రక్కవారికి ఇవ్వవచ్చు. లైసెన్సే అందుకు అనుమతి ఇస్తుంది. కాబట్టి నోటీసు భయము లేదు.

లేతు పనికి మూడు మెట్లు: బొమ్మ గీయడం, కోతకు దారి వ్రాయడం, యంత్రమును నడపడం. మూడింటికీ ఒకటే సాఫ్ట్‌వేరు దొరుకుతుందేమోనని మేము వారము రోజులు వృథా చేశాము. విడదీసి చూసినప్పుడే దారి కనబడింది.

మొదటి మెట్టుకు ఫ్రీక్యాడ్ ఉన్నది. ఇది 2002 లో వెలువడి, 2024 నవంబరులో 1.0 సంచికకు చేరింది. షాఫ్టు గీయడం ఇందులో కుమ్మరి సారె వంటిది. నడిమి గీతకు ఒక ప్రక్క సగము అంచు మాత్రము గీసి, కొలతలు బిగించి, గీత చుట్టూ త్రిప్పితే షాఫ్టు నిలుస్తుంది. తరువాత ఒక వ్యాసము మార్చితే బొమ్మ తానే మారుతుంది. కొలతలతో కాగితము మీద అచ్చు వేసుకొనే భాగమూ ఉన్నది. కొనుగోలుదారులు పంపే స్టెప్ ఫైళ్ళను తెరుస్తుంది. చదును బొమ్మ చాలునన్నవారికి లిబ్రెక్యాడ్ ఇంకా తేలిక.

రెండవ మెట్టు బలహీనము. దీనిని దాచడం ధర్మము కాదు. ఫ్రీక్యాడ్‌లోని కోత విభాగము ముఖ్యముగా మిల్లింగు పనికి ఏర్పడినది. లేతు కోతకు స్వచ్ఛందముగా కొందరు చేసిన అదనపు భాగము ఉన్నది గాని, మేము చేతివ్రాతనే నమ్ముకొన్నాము. లేతుకు అక్షములు రెండే: అడ్డముగా ఎక్స్, పొడవుగా జెడ్. గుమాస్తా కూడా వ్రాయగలిగినంత చిన్న లెక్క అది. తుది అంచు ఒక్కసారి వ్రాసి జి-71 అంటే, ముతక కోతలు యంత్రమే పంచుకొంటుంది.

మూడవ మెట్టుకు లినక్స్‌సిఎన్‌సి. అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థ 1990 ల దశకములో చేయించిన కంట్రోలరు దీనికి మూలము. ఉత్తరము టైపు చేసేటప్పుడు కంప్యూటరు ఒక్క క్షణము తడబడినా మనకు తెలియదు, టూలుకు తెలుస్తుంది. అందుకని దీనికి రియల్‌టైమ్ కెర్నెలు అవసరము. ఆ తడబాటును కొలిచే పరీక్ష ఇందులోనే ఉన్నది. లాప్‌టాప్ దీనికి తగదు. మాకు పాత డెస్కుటాపు సరిపోయింది. ఐతే బోర్డు, తీగలు, స్పిండిలుకు ఎన్‌కోడరు డబ్బు పెట్టి కొనవలసినవే. ఎమర్జెన్సీ స్టాపును మాత్రము సాఫ్ట్‌వేరుకు వదలక, కరెంటును నేరుగా తెంచేటట్లు పెట్టాలి.

మొదటి పరీక్ష నైలాను కడ్డీ మీద. మేము వ్యాసము 20 అని వ్రాశాము. టూలు కడ్డీని ముట్టకుండా గాలిలోనే నడిచింది! ప్రక్కన నిలిచిన పెద్దమేస్త్రి నవ్వి, "అయ్యా, మీరు చెప్పింది అది సగముగా తీసుకొన్నట్టుంది" అన్నాడు. నిజమే. లినక్స్‌సిఎన్‌సి మొదట వ్యాసార్ధముగానే లెక్కిస్తుంది. జి-7 అని చెబితే గాని వ్యాసముగా తీసుకోదు. కంప్యూటరు ఎన్నడూ ముట్టని ఆ మేస్త్రి, కంటితో కనిపెట్టాడు. అప్పటి నుండి కోత లోతు, వేగము అతను చెబుతాడు, పిల్లవాడు వ్రాస్తాడు.

మర కోయడం అసలు పరీక్ష. స్పిండిలు ఒక చుట్టు తిరిగితే టూలు సరిగ్గా ఒక మర దూరము జరగాలి. ప్రతి కోతా అదే చోట మొదలు కావాలి. ఎన్‌కోడరు స్పిండిలు చోటును చెబుతుంటే, జి-76 ఆ పని చేస్తుంది. మేస్త్రి నట్టు తెచ్చి, వ్రేళ్ళతో త్రిప్పాడు. చివరి దాకా మెత్తగా పోయింది. "పరవాలేదయ్యా" అన్నాడు. అతని నోట అంతకు మించిన మెప్పు మేము వినలేదు.

మొత్తము మీద నాలుగు నెలలు పట్టింది. వెల లేనిదానికి మేము చెల్లించిన వెల అదే. తొందరగలవారికి, ముక్కలు చిక్కు ఆకారములో ఉన్నవారికి డబ్బు పెట్టి కొనడమే మేలు. షాఫ్టులు, బుష్షులు, మరలతో బ్రతికే చిన్న పట్టరైలవారు మాత్రము, యంత్రమును పాత ఇనుము బండి ఎక్కించే ముందు ఒక్క నెల దీనిపై వెచ్చించి చూడండి. ముందు బొమ్మ గీయడం నేర్చుకోండి. దానికి ఖర్చు లేదు. మీ పెద్దమేస్త్రిని ప్రక్కనే కూర్చోబెట్టుకోవడం మరువకండి.