చూపు తగ్గితే ఎలా కనిపిస్తుంది?

కంటి జబ్బుల మీద ఇప్పుడు చాలా వీడియోలు వస్తున్నాయి. కంటి ఆస్పత్రుల్లో టీవీ పెట్టి చూపిస్తారు. ఊళ్ళో కంటి శిబిరం పెట్టినప్పుడు చూపిస్తారు. చేతిలో ఫోను ఉంటే ఇంట్లో కూచునే చూడొచ్చు. తెలుగులోనూ ఉన్నాయి.

ఈ వీడియోల్లో ఎక్కువగా ఒక బొమ్మ ఉంటుంది. ఒక వీధి. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. మంచి కంటికి ఆ వీధి ఎలా కనిపిస్తుందో ముందు చూపిస్తారు. తర్వాత అదే వీధి మసకమసకగా, పొగ పట్టిన లాంతరు గ్లాసులోంచి చూసినట్టు ఉంటుంది. ఇది శుక్లం. తర్వాత బొమ్మ మీద అక్కడక్కడా నల్ల మరకలు పడతాయి. షుగరు జబ్బు కంటికి పాకితే ఇలా ఉంటుందట. ఆఖరికి చుట్టూ నల్లగా అయిపోతుంది. నడుమ మాత్రం వెదురు గొట్టంలోంచి చూసినంత మేర కనిపిస్తుంది. ఇది నీటికాసులు. డాక్టర్లు గ్లకోమా అంటారు.

ఇలాంటి వీడియో ఇంట్లో అందరూ కలిసి చూడడం మంచిది. అత్తమ్మ గడప తట్టుకుని పడితే "చూసుకుని నడవరాదా?" అని విసుక్కుంటాం. ఆమెకు గడప ఎలా కనిపిస్తోందో మనకేం తెలుసు? బొమ్మ చూస్తే కొంత తెలుస్తుంది.

అయితే ఒక చిక్కు ఉంది. నీటికాసులు ఉన్నవాళ్ళకు చుట్టూ నల్లగా కనిపిస్తుందని వీడియో చూపిస్తుంది. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? "నాకు అలా నల్లగా ఏం లేదు. నా కళ్ళు బాగానే ఉన్నాయి" అనుకుంటారు. ఇక్కడే మోసపోతాం. చూపు పోయిన చోట నలుపు కనిపించదు. ఏమీ తెలియదు, అంతే.

నమ్మకం కుదరడం లేదా? పలక తీసుకోండి. పలక మీద ఎడమవైపు ఒక ఇంటూ గుర్తు వెయ్యండి. దానికి కుడివైపు నాలుగు వేళ్ళ ఎడం వదలండి. అక్కడ బొట్టుబిళ్ళంత చుక్క పెట్టండి. కుడి చేత్తో పలకను ముఖానికి ఎదురుగా, చెయ్యి చాచి పట్టుకోండి. ఎడమ అరచేత్తో ఎడమ కన్ను మూయండి. కుడి కంటితో ఇంటూ గుర్తునే చూడండి. చుక్క వైపు చూడకూడదు. అది పక్కన ఉన్నట్టు తెలుస్తూనే ఉంటుంది. ఇప్పుడు పలకను మెల్లగా దగ్గరికి తెచ్చుకోండి. జానెడు, జానెడున్నర దూరంలో చుక్క మాయమవుతుంది! ఇంకా దగ్గరికి తెస్తే మళ్ళీ వస్తుంది. ఒకసారికి రాకపోతే రెండోసారి చెయ్యండి.

చుక్క పోయినచోట చిల్లు ఏమైనా కనిపించిందా? లేదు. పలక రంగే కనిపించింది.

దీనికి కారణం ఉంది. కంటి వెనక ఒక పల్చని తెర ఉంటుంది. మనం చూసే బొమ్మ ఆ తెర మీద పడుతుంది. తెర నుంచి ఒక నరం మెదడుకు పోతుంది. ఆ నరం మొదలయ్యే చోట చూపు ఉండదు. ఇది జబ్బు కాదు. అందరి కళ్ళూ పుట్టుకతోనే అంతే. ఆ కాస్త ఖాళీని మెదడు చుట్టుపక్కల రంగుతో నింపేస్తుంది. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఒక కంటి లోటు రెండో కన్ను తీరుస్తుంది. అందుకే ఇన్నేళ్ళూ మనకు తెలియలేదు.

నీటికాసుల్లో జరిగేది కూడా ఇలాంటిదే. అక్కడ ఆ నరమే కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. చాలామందిలో కంటి లోపల ఒత్తిడి పెరగడం వల్ల ఇలా అవుతుంది. అంచుల్లో చూపు పోతుంటుంది. మెదడు పూడుస్తూ ఉంటుంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. పక్కనుంచి వచ్చే ఎద్దు కనిపించదు. గుమ్మం భుజానికి కొట్టుకుంటుంది. "ధ్యాస లేదు" అనుకుంటారు. కొందరికి మాత్రం ఒక్కసారిగా కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, వాంతులు వస్తాయి. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. అప్పుడు ఆ రోజే ఆస్పత్రికి పోవాలి.

నీటికాసుల్లో పోయిన చూపు మళ్ళీ రాదు. ఉన్న చూపును కాపాడుకోవచ్చు. చుక్కల మందు రోజూ వెయ్యాలి, మానకూడదు. అమ్మకో, నాన్నకో, అక్కచెల్లెళ్ళకో ఈ జబ్బు ఉంటే మిగతావాళ్ళకూ వచ్చే అవకాశం ఎక్కువ. 40 ఏళ్ళు దాటాక ఏ బాధా లేకపోయినా కళ్ళు చూపించుకోవాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే. కంటి ఒత్తిడి కొలిచి, వెనక నరం చూసి వాళ్ళు చెప్పగలరు. మనంతట మనకు తెలిసేది కాదు.

షుగరు ఉన్నవాళ్ళు ఏడాదికి ఒకసారి కంటి తెర చూపించుకోవాలి. వీళ్ళకూ మొదట ఏ బాధా ఉండదు.

ఇంట్లో చేసుకోగల పని ఒకటుంది. ఒక కన్ను మూసి ఎదురు గోడ మీది క్యాలెండరు చూడండి. తర్వాత రెండోది మూసి చూడండి. ఒక కంటికి అంకెలు తెలిసి, రెండో కంటికి తెలియకపోతే ఆలస్యం చెయ్యకూడదు. ఒక కన్ను పూర్తిగా పాడైనా ఏళ్ళ తరబడి తెలియనివాళ్ళు ఉన్నారు.

ఇక శుక్లం. మన దేశంలో 2015 నుంచి 2019 దాకా ఒక సర్వే చేశారు. 50 ఏళ్ళు దాటి చూపు పోయినవాళ్ళు వందమంది ఉంటే, వాళ్ళలో 66 మందికి కారణం శుక్లమే. పోయిన చూపు తిరిగి వచ్చేది కూడా ఇందులోనే!

కంటిపాప వెనక గాజులాంటి కటకం ఉంటుంది. వయసు మీద పడితే అది తెల్లబడుతుంది. మందులకు, చుక్కలకు తగ్గదు. ఆపరేషన్ ఒక్కటే దారి. శుక్లం వీడియోలు చాలా మేలు చేస్తాయి. ఎందుకంటే ఊళ్ళో మాటలు వేరుగా ఉంటాయి. "కన్ను బయటికి తీసి, కడిగి, మళ్ళీ పెడతారంట" అని ఒకరు అంటారు. అదంతా వట్టిమాట. కన్ను కంట్లోనే ఉంటుంది. చిన్న గాటు పెట్టి తెల్లబడిన కటకాన్ని తీసేస్తారు. అదే చోట ప్లాస్టిక్ కటకం పెడతారు. చాలామంది అదే రోజు ఇంటికి వస్తారు. "శుక్లం ముదరాలి" అన్నది పాతకాలం మాట. ఇప్పుడు పనికి అడ్డం వస్తే చాలు, చేయించుకోవచ్చు. మరీ ముదిరితేనే ఆపరేషన్ కష్టం. చలికాలం దాకా ఆగే పని కూడా లేదు.

ఈ ప్లాస్టిక్ కటకం కథ భలేగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల అద్దాలు పగిలి ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో దిగాయి. ఆ ముక్కలు కంట్లో ఉన్నా కన్ను చెడలేదు. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు ఇది గమనించాడు. 1949లో అలాంటి ప్లాస్టిక్‌తోనే కటకం చేయించి ఒక మనిషి కంట్లో పెట్టాడు. ఆ కటకాలు మనదాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అందుకే మన అవ్వలు సోడాబుడ్డి అద్దాలు పెట్టుకున్నారు. 1992లో మదురైలో కటకాల తయారీ మొదలైంది. ధర బాగా తగ్గింది. ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో శుక్లం ఆపరేషన్ ఉచితం.

ఉచితమే. మరి ఆడవాళ్ళు ఎందుకు ఆలస్యంగా వస్తారు? వీడియోలు ఈ సంగతి జోలికి ఎక్కువగా పోవు. "ఇంట్లో వంట ఎవరు చేస్తారు? గొడ్లను ఎవరు చూస్తారు? తోడు ఎవరు వస్తారు? ఈ వయసులో నాకెందుకులే" అంటారు. మామయ్య కళ్ళు కనిపించకపోతే వారంలో తీసుకుపోతారు. అత్తమ్మ మాత్రం పొయ్యి దగ్గర తడుముకుంటూ చెయ్యి కాల్చుకుంటుంది. పొదుపు సంఘంలో పదిమంది ఉంటారు కదా. రెండు రోజులు ఒకరికి తోడు పోవడం పెద్ద పనేమీ కాదు.

పసరు సంగతి కూడా చెప్పుకోవాలి. వరికోతల్లో కంకి మొన, వడ్లగింజ ముక్క కంటికి తగులుతుంది. వెంటనే ఆకుపసరో, చనుబాలో, ఆముదమో పోస్తారు. నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. పుండు మానినా తెల్లటి మచ్చ మిగులుతుంది. దాన్నే పువ్వు వేసింది అంటాం. కంట్లో నలుసు పడితే మంచినీళ్ళతో కడగాలి. నలపకూడదు. నొప్పి తగ్గకపోతే ఆస్పత్రికే పోవాలి. మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చుకోవద్దు. కొన్ని చుక్కలు ఎక్కువ రోజులు వేస్తే వాటి వల్లే నీటికాసులు వస్తాయి.

చదువుకునే అక్కలకు ఇంకో మాట. 40 ఏళ్ళు దాటాక అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి. పుస్తకం దూరం పెడితే కొంచెం తెలుస్తాయి. "ఈ వయసులో నాకు చదువు ఎక్కదు" అని కొందరు పలక పక్కన పెట్టేస్తారు. బుర్ర బాగానే ఉంది. కంట్లో కటకం బిరుసెక్కింది, అంతే. దీన్ని చత్వారం అంటారు. అందరికీ వస్తుంది. సూదిలో దారం ఎక్కకపోయినా, బియ్యంలో రాళ్ళు కనిపించకపోయినా ఇదే కారణం కావచ్చు. దగ్గరచూపు అద్దాలు పెట్టుకుంటే చాలు. అస్సాంలో 40 ఏళ్ళు దాటిన 751 మంది తేయాకు కోసేవాళ్ళ మీద ఒక పరీక్ష చేశారు. సగంమందికి ముందు అద్దాలు ఇచ్చారు. వాళ్ళు మిగతావాళ్ళ కంటే ఐదోవంతుకు పైగా ఎక్కువ ఆకు కోశారు. ఈ లెక్క 2018లో బయటికి వచ్చింది. తెలంగాణలో 2018లో, మళ్ళీ 2023లో కంటివెలుగు శిబిరాలు పెట్టినప్పుడు కూడా ఇలాంటి అద్దాలు పంచారు.

చూపు ఇక రాదని తేలినవాళ్ళ సంగతి ఏమిటి? కొన్ని వీడియోల్లో వాళ్ళను మూల కూచోబెట్టి ఏడుపు పాట వినిపిస్తారు. అది చూసి ఎవరు బాగుపడతారు? ఇంకో రకం వీడియోలు ఉన్నాయి. చూపులేని మనిషి తెల్ల కర్రతో దారి ఎలా తెలుసుకుంటుందో, పొయ్యి దగ్గర ఏ గిన్నె ఎక్కడ పెట్టుకుంటుందో చూపిస్తారు. డబ్బులు లెక్కపెట్టడం కూడా చూపిస్తారు. ఇవి చూడాలి.

కొత్త వంద నోటు అంచు తడిమి చూడండి. ఉబ్బెత్తుగా నాలుగు ఏటవాలు గీతలు తగులుతాయి. ఐదువందల నోటుకు ఐదు గీతలు. రెండువందల నోటుకు నాలుగు గీతలు, వాటి నడుమ రెండు సున్నాలు. నోటు నలిగిపోతే గీతలు తెలియవు. అప్పుడు పొడవు కొలుచుకుంటారు. వంద కంటే రెండువందలు, రెండువందల కంటే ఐదువందలు కాస్త పొడవు. తేడా 4 మిల్లీమీటర్లే. ఒకదాని మీద ఒకటి పెట్టి వేలితో చూస్తే తెలిసిపోతుంది.